ఈ-రీడర్ కొనాలా, ఫోనే చాలా? నాకూ నాన్నగారికీ కలిపి ఒకటే సరిపోతుందా?

కొబ్బరాకు (అమలాపురం) · శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. ఇక్కడ మూడేళ్లుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

నా ఉద్యోగం అమలాపురంలో. వారానికి మూడు రోజులు రాజమండ్రి వెళ్లి రావాలి. రావులపాలెం మీదుగా బస్సులో పోనూ రానూ నాలుగ్గంటలు పోతుంది. ఆ టైములో ఫోన్లో నవలలు చదువుతున్నాను, ఎక్కువగా ఇంగ్లీషువి. ఇంటికొచ్చేసరికి కళ్లు మంట. పైగా ఫోన్ చేతిలో ఉంటే పుస్తకం నాలుగు పేజీలు, రీల్స్ నలభై. ఆ తప్పు నాదేలెండి.

ఇంకో సంగతి మా నాన్నగారు. తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. మాది లంక ఊరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు మా ఇంట్లో మోకాళ్లు దాటి నీళ్లు. మనుషులం మేడ మీదకి చేరాం, బీరువాలో కింది రెండు అరల పుస్తకాలు చేరలేదు. తర్వాత విప్పి ఎండలో పెట్టాం, ఫ్యాను కింద పెట్టాం. ఒండ్రు పట్టిన పేజీలు అట్టల్లా అతుక్కుపోయాయి. అందులో సగం పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో స్కాన్ చేసినవి దొరుకుతున్నాయని ఎవరో చెప్పారట. "ఆ పుస్తకాల మిషనేదో చూడరా" అని రెండు నెలలుగా అంటున్నారు.

అనుకున్న ఖర్చు 15 వేలు, కొంచెం అటూ ఇటూ. ఒకటి కొని ఇద్దరం వాడుకోవచ్చా? ప్రకటనల్లో చెప్పే ఫీచర్లలో నిజంగా పనికొచ్చేవి ఏవి?

రొయ్యలచెరువు (భీమవరం దగ్గర) · శనివారం రాత్రి 9:22

కొనెయ్యండి. ఆలోచించకండి.

గోదారిగట్టు (కొవ్వూరు) · శనివారం రాత్రి 9:31

ఆలోచించకుండా కొనేవాడైతే ఇక్కడ ఎందుకు అడుగుతాడండీ :)

కొబ్బరాకు గారూ, ఒక్కటి చెప్పండి. నాన్నగారు చదవాలనుకునేవి పద్యాలా, వచనమా? దాన్ని బట్టి చాలా మారుతుంది.

పాతబైండు (రాజమండ్రి) · శనివారం రాత్రి 10:05

ముందు ఈ వస్తువేమిటో తెలిస్తే ఫీచర్ల సంగతి సగం దానంతటదే తేలిపోతుంది. నాకు తెలిసినంత రాస్తాను.

ఫోన్ తెర వెనక నుంచి వెలుగుతుంది. ఈ-రీడర్ తెర వెలగదు. అందులో సన్నటి బుడగల పొర ఉంటుంది. ఒక్కో బుడగ తలవెంట్రుక మందం. దాని లోపల ద్రవంలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు తేలుతుంటాయి. రెండిటికీ విద్యుదావేశం వేరు కాబట్టి కరెంటు ఒకవైపు ఇస్తే తెల్లవి పైకొస్తాయి, రెండోవైపు ఇస్తే నల్లవి వస్తాయి. అంతే, అక్షరం పడుతుంది. పడ్డాక కరెంటు తీసేసినా అక్కడే ఉంటుంది. బ్యాటరీ వారాల తరబడి రావడానికి కారణం ఇదే: తెరకి ఖర్చు పేజీ తిప్పినప్పుడే, చదువుతున్నంతసేపూ కాదు. ఈ సిరా తెరని అమెరికాలో ఎంఐటీలో తయారుచేసి, 1997లో ఈ-ఇంక్ పేరుతో కంపెనీ పెట్టారు. ఇవాళ్టికీ కిండిల్, కోబో అనే ఈ-రీడర్లలో ఏది తీసుకున్నా తెర మాత్రం ఆ కంపెనీదే. కాబట్టి "మా తెర గొప్ప, వాళ్ల తెర నాసి" అనే మాటలకి పెద్ద విలువ లేదు.

రాత్రి చదవడానికి అంచుల్లో చిన్న ఎల్ఈడీలు ఉంటాయి. అవి వెలుగుని పేజీ మీద పరుస్తాయి, మన కళ్లలోకి కొట్టవు. ఎండలో కూర్చుంటే లైటు అక్కర్లేదు, కాగితంలాగే ఎండ పెరిగేకొద్దీ ఇంకా బాగా కనపడుతుంది. జొన్నాడ వంతెన మీద మిట్టమధ్యాహ్నం బస్సు కిటికీ పక్కన ఫోన్ తెరలో మన మొహమే కనిపిస్తుంది కదా, అక్కడ తేడా తెలుస్తుంది.

దీనితో కళ్లకి మేలు జరుగుతుందని నేను డాక్టర్లా చెప్పను. నాకు మాత్రం మంట తగ్గింది. రీల్స్ లేకపోవడం వల్ల తగ్గిందో, తెర వల్ల తగ్గిందో మరి!

ఇక చేతకాని పనులు. పేజీ తిరిగినప్పుడు ఒక్కసారి మినుకుమంటుంది. పాత పేజీ నీడ కొంచెం మిగులుతుంది. వేలితో జరుపుతూ చదవడం, పెద్దది చిన్నది చేయడం నత్తనడక. వీడియోల ఊసే వద్దు.

రొయ్యలచెరువు (భీమవరం దగ్గర) · శనివారం రాత్రి 11:48

సరే, ఆలోచించే చెప్తాను.

నాది చెరువుల పని. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో, కరెంటు పోతే జనరేటర్ అందుకుందో లేదో చూస్తూ మెలకువగా ఉండాలి. గట్టు మీద షెడ్డులో ఐదేళ్లుగా నాకు తోడు ఈ ఈ-రీడరే. వానాకాలం దీపం పురుగుల గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు, ఫోన్ తీస్తే మొహమంతా అవే. దీని లైటు అడుగుకి తగ్గించి, పసుపు రంగులో పెట్టుకుంటే పురుగుల గోల చాలా తక్కువ. ఆ పసుపు లైటు ఉన్నదే తీసుకోండి. రాత్రి చదివేవాడికి అది షోకు కాదు.

రెండోది నీళ్లు. ఒకసారి మేత పడవలోంచి జారి చెరువులో పడింది. ఐపీఎక్స్8 అని రాసున్న రకం కాబట్టి బతికింది. కిండిల్ పేపర్‌వైట్‌కి కంపెనీ చెప్పే లెక్క, మంచినీళ్లలో రెండు మీటర్ల లోతున గంటసేపు, సముద్రపు నీళ్లలో పావు మీటరు లోతున మూడే నిమిషాలు. మా చెరువు నీళ్లు ఆ రెండిటికీ మధ్యలో ఉంటాయి కదండీ, టెన్షన్ పడ్డాను. వెంటనే మంచినీళ్లతో కడిగి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా నిలబెట్టి రెండు రోజులు ఆరనిచ్చాను. ఆరేదాకా ఛార్జర్ పెట్టలేదు. అలా పెట్టడమే అసలు ప్రమాదం.

మామూలు చౌక కిండిల్‌కి ఈ నీళ్ల రక్షణ లేదు, పసుపు లైటూ లేదు. అక్షరాల స్పష్టత మాత్రం రెండిటికీ ఒకటే, అంగుళానికి 300 చుక్కలు. బస్సులో చదివేవాడికి చౌకది చాలు. లంక ఊళ్లో ఇల్లున్నవాడికి... మీరే చూసుకోండి :)

డీటీపీ మేస్త్రి (తణుకు) · ఆదివారం ఉదయం 6:40

ఇంతవరకు ఎవరూ తెలుగు సంగతి ఎత్తలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇరవై రెండేళ్లుగా పుస్తకాలు కంపోజ్ చేస్తున్నాను. ఇంటర్నెట్‌లో దొరికే తెలుగు పుస్తకాన్ని తెరిచి చూడకుండా "తెలుగు ఈ-పుస్తకం" అనుకోకండి. మూడు జాతులున్నాయి.

స్కాన్ పీడీఎఫ్ అంటే ప్రతి పేజీ ఒక ఫొటో. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత పుస్తకాలు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు చేసినవి, దాదాపు అన్నీ ఇవే. అక్షరం సైజు పెంచడం కుదరదు, బొమ్మని దగ్గరికి లాక్కోవడమే.

రెండోది మా పాపం. ఏళ్ల తరబడి మేమంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో కొట్టాం. ఆ పీడీఎఫ్ చూడ్డానికి ముత్యాల్లా ఉంటుంది. కాపీ చేసి వేరేచోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన కిచిడీ వస్తుంది. ఎందుకంటే లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగు బొమ్మ వేసుకున్న ఇంగ్లీషు కోడ్. దాన్ని ఈపబ్‌గా, అంటే ఈ-రీడర్లో చదివే పుస్తకపు ఫైలుగా, మార్చమని కాలిబర్ అనే ప్రోగ్రాంకి ఇస్తే కిచిడీయే వడ్డిస్తుంది. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ తర్వాత ప్రూఫు చూడక తప్పదు.

మూడోది యూనికోడ్ ఈపబ్, అంటే లోపల కూడా అసలు తెలుగు కోడే ఉండేది. ఇదొక్కటే ఈ-రీడర్ కోసం పుట్టింది. సైజు మీ ఇష్టం, పేజీ దానంతటదే సర్దుకుంటుంది. తెలుగు వికీసోర్స్ అనే పుస్తకాల సైటులో పూర్తయినవి ఈపబ్‌గా దించుకోవచ్చు, ఉచితం.

ఇక దుకాణం. 2016 డిసెంబరులో కిండిల్ దుకాణంలో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టారు. ఆ ఐదింట్లో మనం లేం. ఇంగ్లీషు నవలలకి దాన్ని మించిన దుకాణం లేదు, తెలుగు కోసమే కొంటానంటే మాత్రం మరోసారి ఆలోచించండి. తెలుగు ఈ-పుస్తకాలు అమ్మేవాళ్లలో కొందరివి వాళ్ల యాప్‌లోనే తెరుచుకుంటాయి. యాప్ అంటే ఆండ్రాయిడ్ ఉండాలి. బూక్స్ లాంటి ఆండ్రాయిడ్ ఈ-రీడర్లలో అది నడుస్తుంది, కిండిల్లో కోబోలో నడవదు.

కొనే ముందు ఒక్క పరీక్ష చేయండి. ఎవరి దగ్గరైనా ఉన్న ఈ-రీడర్లో మీరు చదవబోయే ఫైలే వేసి, "క్ష్మ", "స్త్ర", "ర్త్య" లాంటివి ఉన్న పేజీ తెరవండి. ఒత్తులు అక్షరం కిందే ఉన్నాయా, పక్కకి జారి విడిగా పడ్డాయా? వచ్చిన ఫాంటు బాగోకపోతే కాలిబర్‌లో మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంటు పుస్తకంలోనే పొదిగి పంపొచ్చు.

కొబ్బరాకు (అమలాపురం) · ఆదివారం ఉదయం 8:15

అమ్మో, ఇన్ని ఉన్నాయా! మేస్త్రి గారూ, ధన్యవాదాలండి. నాన్నగారి కోసం దించినవి చూశాను. పదకొండింట్లో తొమ్మిది స్కాన్లే. ఒక్కోటి 20 నుంచి 40 ఎంబీ.

గోదారిగట్టు గారూ, పద్యకావ్యాలే ఎక్కువ. వచనం కొంచెం. ఎందుకు అడిగారు?

గోదారిగట్టు (కొవ్వూరు) · ఆదివారం ఉదయం 8:50

పద్యపాదం విరక్కూడదు కదండీ. మా మామయ్యగారితో నాకు అదే అనుభవం. వివరం మీరే చూద్దురుగాని.

పాతబైండు (రాజమండ్రి) · ఆదివారం ఉదయం 10:20

స్కాన్లంటే కొలతలు చూడాలి. మా వృత్తి బైండింగు, స్కేలు ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది.

డెమ్మీ ఎనిమిదో వంతు (మన పుస్తకాల మామూలు సైజు) పుస్తకం 5.5 అంగుళాల వెడల్పు, 8.5 పొడవు. 6 అంగుళాల ఈ-రీడర్ అంటే మూల నుంచి మూలకి 6. అసలు తెర 3.6 వెడల్పు, 4.8 పొడవు. పేజీ మొత్తం అందులో ఇరికిస్తే సగం కంటే కాస్త పైన, 56 శాతానికి తగ్గుతుంది. 12 పాయింట్ల అక్షరం 7కి దిగింది. ఇంగ్లీషైతే కళ్లు చికిలించి ఎలాగో లాగించొచ్చు. తెలుగులో ఒత్తు అసలు అక్షరంలో సగమే కదా, అది మసక చుక్క అయిపోతుంది. "భక్తి"లో త ఒత్తు ఉందో, ఇంకోటి ఉందో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి.

చుట్టూ మార్జిన్లు కోసేస్తే అచ్చు భాగం ఇంచుమించు 4.25 × 7. అప్పుడు 68 శాతం. అడ్డంగా తిప్పి చదివితే వెడల్పు 4.8 దొరుకుతుంది, అక్షరం అసలు పుస్తకంలో కంటే కాస్త పెద్దదే అవుతుంది. కాకపోతే ఒక్కో పేజీ రెండు మూడు ముక్కలుగా చదవాలి.

10.3 అంగుళాల తెర 6.2 × 8.2. డెమ్మీ పేజీ దాదాపు దాని సైజులోనే పడుతుంది. స్కాన్లు చదవడానికి అదే సరైనది. కానీ ఆ సైజు ఈ-ఇంక్ మన దగ్గర 30 వేలు దాటుతుంది.

చదువులమ్మ (కాకినాడ) · ఆదివారం మధ్యాహ్నం 1:05

తమ్ముడూ, నాన్నగారికి శుక్లాల ఆపరేషన్ అయిందా? ఆ మాట ఎవరూ అడగలేదు.

మా అమ్మకి రెండు కళ్లూ చేయించాం. డాక్టరు దూరం చూపుకి సరిపడా లెన్స్ వేశారు కాబట్టి దగ్గరిది చదవాలంటే అద్దాలు తప్పవు. అద్దాలున్నా వార్తాపత్రిక అక్షరం కంటే రెట్టింపు ఉంటేగానీ ఆవిడకి హాయిగా ఉండదు. ఆవిడకి 6 అంగుళాలదాంట్లో వచనం ఈపబ్ పెట్టి ఇచ్చాం. పేజీకి ఏడెనిమిది పంక్తులే పడతాయి. మొదట్లో విసుక్కుంది, తర్వాత వేలు అలవాటైపోయింది. ఇప్పుడు దీపపు వత్తులు చేసుకుంటూ ఒళ్లో పెట్టుకుని చదువుతుంది. తేలిక, అదీ కారణం. 160 గ్రాములుంటుంది, ఏ లావుపాటి పుస్తకమూ అంత తేలిగ్గా ఉండదు.

కళ్లు అలిసిన రోజు ఫోన్లో తెలుగు ఈపబ్‌ని గూగుల్ గొంతుతో వింటుంది. స్కాన్‌ని చదవడం దానికి రాదు. మళ్లీ యూనికోడ్ దగ్గరికే వచ్చాం చూశారా.

కాగితం (పాలకొల్లు) · ఆదివారం సాయంత్రం 4:30

పదిహేను వేలు పెట్టి మిషను కొనేకంటే ఆ డబ్బుతో 80, 90 పుస్తకాలొస్తాయి. శాఖా గ్రంథాలయాలు ఖాళీగా ఉన్నాయి, వెళ్లేవాడు లేడు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కూర్చుంటే రోజు తెలీదు. ఎక్కడికో పోయే డబ్బు మన ప్రచురణకర్తకి ఇవ్వండి.

కొబ్బరాకు (అమలాపురం) · ఆదివారం సాయంత్రం 4:52

కాగితం గారూ, మీ మాట కాదనను. కానీ మా నాన్నగారికి కావలసినవి ఇప్పుడు ఏ షాపులోనూ లేవు. ఉన్నా, మళ్లీ వరదొస్తే?

కాగితం (పాలకొల్లు) · ఆదివారం సాయంత్రం 5:10

పై అరలో పెట్టండి.

రొయ్యలచెరువు (భీమవరం దగ్గర) · ఆదివారం సాయంత్రం 5:14

ఆయ్, 86 వరద చూసినవాళ్లు ఆ మాట అనరండి.

నిర్వాహకుడు · ఆదివారం సాయంత్రం 5:40

కాగితమా తెరా అనే పోట్లాట ఇక్కడ ఇదివరకే మూడు చర్చల్లో జరిగింది. ఇందులో వద్దు. కాగితం గారూ, గ్రంథాలయాల గురించి విడిగా మొదలుపెట్టండి, నేనూ వస్తాను.

కాజా (తాపేశ్వరం) · ఆదివారం రాత్రి 9:00

ఏ కంపెనీ అనేదానికి నా లెక్క ఇది.

కిండిల్ మన దేశంలో నేరుగా దొరుకుతుంది, ఏడాది వారంటీ ఉంటుంది. పేపర్‌వైట్ 2024 రకం 7 అంగుళాలు, 16 జీబీ. మనకి 2025లో వచ్చింది, అప్పటి ధర 17 వేలకి రూపాయి తక్కువ. పండగ అమ్మకాల్లో తగ్గొచ్చు. కోబో క్లారా బీడబ్ల్యూ 6 అంగుళాలే అయినా నీళ్ల రక్షణ, పసుపు లైటు రెండూ ఉన్నాయి. నేను దుబాయ్‌లో ఉండే తమ్ముడి చేత తెప్పించుకున్నాను. ఆన్‌లైన్‌లో బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ కలిపి చూసుకోండి. చెడిపోతే ఎక్కడికి పంపాలో కూడా ముందే ఆలోచించుకోండి.

మరి కోబో ఎందుకంటే, దాంట్లో కేఓరీడర్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోవచ్చు. తెలుగు ఫాంటు ఫైలుని ఫోల్డర్లో పడేస్తే ఒత్తులు చక్కగా కడుతుంది. స్కాన్ పేజీలో మాటల్ని ముక్కలుగా కత్తిరించి పెద్దవి చేసి మళ్లీ పేర్చే సదుపాయం కూడా ఉంది. స్టార్‌డిక్ట్ రూపంలో ఉన్న నిఘంటువు పెట్టుకుంటే మాట మీద వేలు నొక్కగానే అర్థం వస్తుంది. కంపెనీ ఇచ్చేది కాదు కాబట్టి వేసుకోవడానికి ఒక సాయంత్రం, కొంచెం ఓపిక కావాలి.

ఇంకో మాట. రంగుల ఈ-రీడర్ అని ఆశపడకండి. ఇప్పుడొచ్చే కెలీడో తెరల్లో నలుపు తెలుపుకి అంగుళానికి 300 చుక్కలుంటే రంగుకి 150 మాత్రమే. పైన రంగుల పొర ఉండటం వల్ల తెర కాస్త మురికిగా, ముదురుగా కనిపిస్తుంది. నవలకి రంగెందుకు?

గోదారిగట్టు (కొవ్వూరు) · సోమవారం ఉదయం 7:30

కవర్ కొనకుండా ఈ-రీడర్ కొనకండి. ఇది నా నోటితో చెప్పాల్సిన మాట. బ్యాగులో నాది టిఫిన్ బాక్సు పక్కన పెట్టాను. బస్సు బ్రేకు వేసింది, బాక్సు మూల గుచ్చుకుంది. బయట చిన్న గీత కూడా లేదు. ఆన్ చేస్తే సగం తెర మీద గీతలు గీతలు. లోపల సిరా పొర కింద పల్చటి గాజు ఉంటుందట, అది పగిలింది. కొన్ని నెలలదే అయినా నొక్కుడు వల్ల పగిలితే వారంటీ లేదన్నారు. రిపేరు షాపతను తెర ఖరీదు చెప్పాక నేనే నవ్వేశాను, కొత్తది వస్తుంది ఆ డబ్బుకి. ఆరు వందల కవర్ కొనడానికి బద్ధకించాను.

డీటీపీ మేస్త్రి (తణుకు) · సోమవారం ఉదయం 9:15

స్టోరేజి గురించి కొట్టుకోకండి. ఈపబ్ ఒకటి రెండు ఎంబీలు. మీ నాన్నగారి స్కాన్లే అయినా 16 జీబీలో నాలుగైదు వందలు పడతాయి. జీవితానికి చాలు.

కొన్న పుస్తకం నిజంగా మీదా అన్నది మాత్రం ఆలోచించాల్సిందే. దుకాణాల్లో మనం కొనేది చదువుకునే లైసెన్సు మాత్రమే. కిండిల్ పుస్తకాలని కంప్యూటర్లోకి దించుకుని తీగతో ఎక్కించుకునే దారి ఒకటి ఉండేది, 2025 ఫిబ్రవరి 26న మూసేశారు. మన సొంత ఫైళ్లు తీగతోనో, ఇంటర్నెట్ మీద పంపే సెండ్ టు కిండిల్‌తోనో పంపుకోవచ్చు, దానికి అడ్డు లేదు. సెండ్ టు కిండిల్ 2022 నుంచి ఈపబ్‌ని కూడా తీసుకుంటోంది.

అలాగే స్కాన్ దొరికింది కదా అని అన్నీ దించేయకండి. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లదాకా హక్కులుంటాయి. నాన్నగారి కావ్యాలకి ఆ ఇబ్బంది ఉండదు. బతికున్న రచయిత నవల ఎవరో స్కాన్ చేసి పెడితే అది వేరే సంగతి. మాకూ కడుపుందండి.

పూతరేకు (ఆత్రేయపురం) · సోమవారం రాత్రి 8:20

ఇంత చదివాక కూడా కొనాలో వద్దో తేలదు, చేతిలో పట్టుకుంటేనే తేలుతుంది. నా దగ్గర కోబో ఒకటి ఊరికే ఉంది, 6 అంగుళాలది. కాజా గారు చెప్పిన కేఓరీడర్ వేసే ఉంది, మండలి ఫాంటూ ఉంది. కొబ్బరాకు గారూ, మీరెలాగూ రావులపాలెం మీదుగానే వెళ్తారు కదా, బస్టాండులో ఇస్తాను. పది రోజులు వాడి తిరిగివ్వండి. కవర్ ఉంది, టిఫిన్ బాక్సుకి దూరం :)

కొబ్బరాకు (అమలాపురం) · సోమవారం రాత్రి 8:41

ఏం చెప్పాలో తెలీట్లేదండి. మీకు వేరుగా సందేశం పెడుతున్నాను.

నిర్వాహకుడు · సోమవారం రాత్రి 8:50

ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి, సందేశాల్లోనే మాట్లాడుకోండి. పూతరేకు గారికి నా తరఫున ఒక దండం.

కొబ్బరాకు (అమలాపురం) · తర్వాతి వారం, గురువారం రాత్రి 10:30

వారం వాడాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నా మటుకు అనుమానం తీరిపోయింది. మూడు ప్రయాణాల్లో ఒక నవల అయిపోయింది. ఆర్నెల్లలో ఇదే మొదటిది. బస్సు కుదుపుల్లో పేజీ తిప్పడానికి పక్కన బటన్ ఉంటే బాగుండేది, వేలు తగిలి రెండు పేజీలు ఒకేసారి పోతున్నాయి. ఇదొక్కటి ఏ ప్రకటనలోనూ నా కంటబడలేదు.

ఇక నాన్నగారు. మొదట స్కాన్ పెట్టి ఇచ్చాను, పేజీ మొత్తం కనిపించేలా. రెండు నిమిషాలు చూసి "చీమలు పాకుతున్నాయిరా" అన్నారు. పాతబైండు గారి 56 శాతం అదే. తర్వాత మాటల్ని కత్తిరించి పేర్చే పద్ధతి పెట్టాను. అక్షరాలు బ్రహ్మాండంగా పెద్దవయ్యాయి. నాన్నగారికి కోపం కూడా అంతే వచ్చింది. పద్యపాదం సగంలో విరిగి కింది పంక్తిలోకి పోయింది, దాని పక్కనే రెండో పాదం మొదలైంది. "యతి ఎక్కడ పడిందో తెలీకుండా పద్యం చదవడమేమిటి, ఇది వచనమా పద్యమా?" అని దాన్ని పక్కన పెట్టేశారు. గోదారిగట్టు గారు మొదటి రోజే ఎందుకు అడిగారో అప్పుడు అర్థమైంది.

మర్నాడు వికీసోర్స్ నుంచి ఈపబ్ దించి, మండలి ఫాంటులో ఆయనకి నప్పే సైజు పెట్టాను. కంద పద్యాలు, ఆటవెలదులు ఒక్క పంక్తి కూడా విరక్కుండా పడ్డాయి. ఆయన మొహం వెలిగింది. నాలుగు పద్యాల తర్వాత ఉత్పలమాల వచ్చింది. పాదానికి ఇరవై అక్షరాలు కదా, మళ్లీ విరిగింది. సీసం సంగతి చెప్పక్కర్లేదు. చివరికి అడ్డంగా తిప్పి సైజు రెండు మెట్లు దించితే ఉత్పలమాల, చంపకమాల ఒక పంక్తిలో పట్టాయి. తెర మీద రెండు పద్యాలకి మించి పట్టవు. "చాలు, ఒక పద్యం అర్థమయ్యాకే రెండోది చదవాలి" అన్నారు. దాన్ని ఆమోదమే అనుకున్నాను.

అదే స్కాన్ మా అక్క వాళ్ల 11 అంగుళాల మామూలు ట్యాబ్‌లో కూడా చూపించాను. అక్షరాలు హాయిగా ఉన్నాయి. కాకపోతే ఆయన చదివేది మధ్యాహ్నం అరుగు మీద. తెరలో కొబ్బరిచెట్టు కనిపించింది, పద్యం కనిపించలేదు. రాత్రి గదిలో అయితే ఇబ్బంది లేదు.

పాతబైండు (రాజమండ్రి) · గురువారం రాత్రి 10:55

ఉత్పలమాలతో తెర కొలిచిన మొదటి మనిషి మీ నాన్నగారే. నేను స్కేలు పెట్టి తిప్పలు పడ్డాను, ఆయన ఛందస్సుతో తేల్చేశారు.

చదువులమ్మ (కాకినాడ) · శుక్రవారం ఉదయం 6:10

అయితే ఇద్దరికీ ఒకటే అన్న మాట వదిలెయ్యి తమ్ముడూ. నువ్వు బస్సులో తీసుకెళ్తే ఆయన పగలంతా ఏం చదువుతారు?

రొయ్యలచెరువు (భీమవరం దగ్గర) · శుక్రవారం ఉదయం 6:25

చౌక కిండిల్ మీకు. ఆయనకి కోబో. స్కాన్లకి ఏదైనా సెకండ్ హ్యాండ్ ట్యాబ్ చూడండి, రాత్రి పూట వాడుకుంటారు. అరుగు మీద వాడేది, వరదొస్తే సంచిలో వేసుకుని మేడెక్కేది నీళ్లకి ఆగేదై ఉండాలి.

డీటీపీ మేస్త్రి (తణుకు) · శుక్రవారం ఉదయం 9:40

మాస్టారికి బాగా ఇష్టమైన చిన్న కావ్యం ఒకటి చెప్పమనండి. స్కానే ఉన్నా ఫరవాలేదు. రోజుకి నాలుగు పేజీల చొప్పున యూనికోడ్‌లో కొట్టి వికీసోర్స్‌లోనే పెడతాను. ప్రూఫు మాత్రం ఆయనే చూడాలి. తెలుగు మాస్టారి ప్రూఫు ఉచితంగా దొరకడం మాటలా!

కొబ్బరాకు (అమలాపురం) · శుక్రవారం రాత్రి 9:05

మేస్త్రి గారూ, ఈ మాట చదివి వినిపించగానే ఎర్ర పెన్ను ఎక్కడుందని వెతుకుతున్నారు. తెర మీద పెన్ను పనికిరాదని ఇంకా చెప్పలేదు.

నాకు చౌక కిండిల్, కవర్‌తో సహా, ఇవాళే ఆర్డర్ పెట్టాను. ఆయనకి కోబో తెప్పించాలని ఉంది. కాజా గారూ, మీ తమ్ముడుగారు మళ్లీ ఎప్పుడొస్తారో కాస్త చెప్పగలరా?

పూతరేకు గారూ, సోమవారం రావులపాలెంలో తిరిగిస్తానన్నాను కదా. ఇంకో వారం గడువివ్వగలరా? నిన్న రాత్రి చార్జింగ్ పెడదామని అడిగితే, "ఆశ్వాసం మధ్యలో ఉన్నాను, రేపు చూద్దాంలే" అన్నారు. ఇవాళ కూడా అదే మాట.

పూతరేకు (ఆత్రేయపురం) · శుక్రవారం రాత్రి 9:12

ఆశ్వాసం అయ్యాకే ఇవ్వండి. ఛార్జర్ ఏదైనా పరవాలేదు, ఫోన్‌దే సరిపోతుంది.